మారుతండ్రి దత్తత: తక్కువ ఖర్చుతో, వరస తప్పకుండా

మా వాడిని కొత్త బడిలో చేర్చేటప్పుడు దరఖాస్తులో ‘తండ్రి పేరు’ అన్న గీత దగ్గర నా పెన్ను ఆగిపోయింది. వాడిని కన్న తండ్రి పోయి అప్పటికి మూడేళ్లు. ఆ గదిలో వాడి చెయ్యి పట్టుకుని నిలబడింది నా రెండో భర్త. వాడు ఆయన్నే ‘నాయనా’ అని పిలుస్తాడు. కానీ ఆ గీత మీద ఆయన పేరు రాయడానికి లేదు. నన్ను పెళ్లి చేసుకున్నంత మాత్రాన ఆయన నా బిడ్డకు చట్టం ముందు తండ్రి కాడు. వీలునామా రాయకుండా ఆయనకేమైనా అయితే ఆయన ఆస్తిలో వాడికి వాటా రాదు. భార్య మొదటి పెళ్లి బిడ్డకు హిందూ వారసత్వ చట్టం ఆ చోటు ఇవ్వలేదు. దత్తత తీసుకుంటే ఇస్తుంది.

మేం ఉండేది కర్నూలు జిల్లా కోడుమూరులో. నాకు అసలు పనికి అయిన ఖర్చు నాలుగు వేల లోపే. అంతకుముందు తప్పుదారిలో పోయిన ఎనిమిది వేలు దీనికి అదనం. ఆ ఎనిమిది వేలు చట్టం అడిగినవి కావు, ఏది ముందో ఏది వెనకో తెలియక పోయినవి. మీకు అలా పోకూడదనే ఇది రాస్తున్నాను.

మొదట దారి తేల్చుకోండి

మన దేశంలో మారుతండ్రి గానీ సవతి తల్లి గానీ బిడ్డను దత్తత తీసుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం. రెండోది 2015 నాటి బాలల న్యాయ చట్టం, అందరూ జేజే యాక్ట్ అంటారు. లాయరు దగ్గరికి వెళ్లేలోపే మీది ఏ దారో తెలిసి ఉండాలి.

మొదటి దారిలో కోర్టు ఉత్తర్వు అక్కర్లేదు. తల్లి బిడ్డను ఇవ్వాలి, ఆమె భర్త తీసుకోవాలి. నిజంగా చేతుల్లో పెట్టి ఇవ్వడం, తీసుకోవడం జరగాలి. దత్త హోమం చేయకపోయినా చెల్లుతుంది. దత్తత పత్రం రాసి, ఇచ్చినవారూ తీసుకున్నవారూ సంతకాలు చేసి రిజిస్టర్ చేయిస్తే, దత్తత సక్రమంగానే జరిగిందని కోర్టు అనుకోవాలని 16వ సెక్షన్ చెబుతుంది. కాదన్నవాడే రుజువు చేసుకోవాలి. వినడానికి తేలిగ్గా ఉంది కదా. కానీ ఈ చట్టానికి గట్టి షరతులున్నాయి. బిడ్డ హిందువై ఉండాలి (బౌద్ధులు, జైనులు, సిక్కులు ఇందులోకే వస్తారు). ఆచారం ఉంటే తప్ప 15 ఏళ్లు నిండి ఉండకూడదు. ఆడపిల్లను మగవాడు గానీ, మగపిల్లవాడిని ఆడమనిషి గానీ తీసుకుంటే ఇద్దరి మధ్య కనీసం 21 ఏళ్ల తేడా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, కొడుకును దత్తత తీసుకునే మనిషికి అప్పటికే కొడుకు, మనవడు, మునిమనవడు ఎవరూ బతికి ఉండకూడదు. కూతురి విషయంలోనూ అంతే, సొంత కూతురు గానీ కొడుకు కూతురు గానీ ఉండకూడదు.

మా ఎనిమిది వేలు పోయింది ఈ చివరి షరతు దగ్గరే. నా రెండో భర్తకు మొదటి భార్య ద్వారా కొడుకున్నాడు. మేం మొదట కలిసిన లాయరు ఆ సంగతి అడగలేదు, మాకు చెప్పాలని తెలియదు. అడ్వాన్సు తీసుకున్నారు, స్టాంపు కాగితం మీద దత్తత పత్రం టైపు చేయించారు. రిజిస్ట్రేషన్‌కు రెండు రోజుల ముందు, ఉచిత న్యాయ సహాయం ఇచ్చే న్యాయ సేవాధికార సంస్థలో ఒకామె ఆ పత్రం చదివి, ‘మీ ఆయనకు పిల్లలున్నారా అమ్మా?’ అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నతో పత్రం పనికిరాని కాగితమైంది. రిజిస్టర్ అయినా చెల్లేది కాదు. పదిహేనేళ్ల తర్వాత ఆస్తి తగాదాలో ఎవరో లేవనెత్తి ఉంటే నా బిడ్డ నిలబడే నేలే లేకుండా పోయేది.

రెండో దారి, జేజే యాక్ట్. దీనికి మతం అడ్డు లేదు. ముస్లింలు, క్రైస్తవులు కూడా ఇలా దత్తత తీసుకోవచ్చని, దీనికి ముందున్న 2000 నాటి బాలల న్యాయ చట్టం విషయంలో 2014లోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కర్నూలు, కడప లాంటి ఊళ్లలో ఇది చాలా కుటుంబాలకు పనికొచ్చే మాట. బిడ్డకు 18 ఏళ్లు నిండేదాకా వీలుంటుంది. సొంత కొడుకున్నా కూతురున్నా అడ్డు రాదు. బయటివాళ్లు దత్తత తీసుకునేటప్పుడు చూసే వయసు లెక్కలు, పెళ్లై రెండేళ్లు కావాలన్న నియమం మారుతండ్రికీ సవతి తల్లికీ వర్తించవు. ఇంతకుముందు దీనికి కోర్టుకు వెళ్లాల్సి వచ్చేది. 2021లో చట్టాన్ని సవరించారు, 2022 సెప్టెంబరు 1 నుంచి ఉత్తర్వు ఇచ్చే అధికారం జిల్లా మేజిస్ట్రేటుకు, అంటే మన కలెక్టరుకు, వచ్చింది. పేదవాళ్లకు ఇది పెద్ద ఊరట.

రెండూ కుదిరే కుటుంబమైతే నేను కలెక్టరు ఉత్తర్వు దారినే వెళ్లమంటాను. అది ప్రతి ఆఫీసులో గుమాస్తాకు ఒక్క చూపులో అర్థమయ్యే కాగితం.

కన్న తండ్రి సంగతి

కన్న తండ్రి చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రం చాలు. మావాళ్లలో చాలామంది ‘మొదటి అత్తగారి ఇంటివాళ్లు ఒప్పుకోవాలి కదా’ అంటారు. అక్కర్లేదు. మన ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన ఒక కేసులో, 2022 జులై 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. భర్త పోయి మళ్లీ పెళ్లి చేసుకున్న తల్లే బిడ్డకు సహజ సంరక్షకురాలు, బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కు, దత్తత ఇచ్చే హక్కు ఆమెకున్నాయని. చట్టపరంగా అడగనక్కర్లేకపోయినా మేం మాత్రం వెళ్లి చెప్పాం. మా వాడి జేజి ఏడ్చింది. ‘నా కొడుకు పేరు పోతుంది’ అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. వాడిని ప్రతి ఉగాదికీ తీసుకొస్తానని మాటిచ్చాను, తీసుకెళ్తున్నాను.

విడాకులై కన్న తండ్రి బతికే ఉంటే ఆయన రాతపూర్వక సమ్మతి కావాలి. ఏ దారిలోనైనా ఇది తప్పదు. హిందూ చట్టంలో మినహాయింపులు మూడే: ఆయన సన్యసించి ఉండాలి, హిందూ మతం వదిలి ఉండాలి, లేదా మతిస్థిమితం లేదని కోర్టు ప్రకటించి ఉండాలి. ‘ఐదేళ్లుగా బిడ్డ ముఖం చూడలేదు’ అనేది ఈ మూడింటిలో లేదు. ఏడేళ్లకు పైగా ఆయన జాడ ఎవరికీ తెలియకపోతే చనిపోయినట్టు భావించమని సివిల్ కోర్టును అడగవచ్చు. బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్న కేసు నడుస్తుంటే అది తేలేదాకా దత్తత మొదలుపెట్టకూడదు.

ఒక హెచ్చరిక గట్టిగానే చెప్పాలి. ‘లక్ష ఇస్తే సంతకం పెడతా’ అని అడిగేవాళ్లుంటారు. ఇవ్వకండి. దత్తతకు బదులుగా డబ్బు ఇవ్వడం, పుచ్చుకోవడం నేరం. హిందూ దత్తత చట్టం కిందే ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. ఉత్తర్వు ఇచ్చే ముందు డబ్బు చేతులు మారలేదని కలెక్టరు నిర్ధారించుకోవాలి కూడా. భరణం బాకీ వదిలేస్తే సంతకం పెడతానంటే, ఆ రెంటినీ ముడిపెట్టే కాగితం మీద లాయరుకు చూపించకుండా సంతకం చేయకండి.

బిడ్డ ఆస్తిని ముందే భద్రం చేయండి

దీన్ని ఎవరూ చెప్పరు. దత్తత జరిగిన రోజు నుంచి బిడ్డకు కన్న తండ్రి కుటుంబంతో చట్టపరమైన బంధం తెగిపోతుంది. అయితే ఆ రోజుకు ముందే బిడ్డకు సంక్రమించిన ఆస్తి బిడ్డదే, అది ఎక్కడికీ పోదు. రెండు చట్టాలూ ఈ మాట చెబుతున్నాయి. చిక్కంతా రుజువు దగ్గరే. కాబట్టి కన్న తండ్రి పేరున పొలం ఉంటే ముందు కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకుని, బిడ్డ వాటా రెవెన్యూ రికార్డుల్లోకి ఎక్కించండి. 1బీ, అడంగల్‌లో పేరు కనపడ్డాక నకలు తీసి పెట్టుకోండి. పొత్తులో ఉండి పంపకం కాని పొలమైతే దత్తతకు ముందే లాయరును తప్పక అడగండి. ప్రమాదంలో పోయిన మనిషి నష్టపరిహారం కేసు నడుస్తుంటే అది ముగిశాకే దత్తతకు వెళ్లమని నా సలహా. మాకు మూడెకరాల మెట్ట పొలంలో మా వాడి వాటా ఎక్కడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలు ఆగినందుకు నాకు ఏ బాధా లేదు.

పెళ్లి కూడని వరసలు మాత్రం కన్నవారి రక్తసంబంధం ప్రకారం అలాగే ఉంటాయి. మనవైపు మేనరికాలు ఎక్కువ కాబట్టి పెద్దవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

కాగితాల కట్ట

బిడ్డ జనన ధ్రువపత్రం, మీ పెళ్లి రిజిస్ట్రేషన్ పత్రం, మొదటి భర్త లేదా భార్య మరణ పత్రం లేకపోతే విడాకుల డిక్రీ, ముగ్గురి ఆధార్, దంపతుల పాన్ కార్డులు, ఆదాయం, నివాసం రుజువులు, ఆరోగ్య ధ్రువపత్రాలు, ఫోటోలు. దాదాపుగా ఇవే. పెళ్లి రిజిస్టర్ కాకపోతే అన్నిటికంటే ముందు ఆ పని చేయించండి. గుడిలో తీసుకున్న ఫోటో సరిపోదు. ఆదాయ ధ్రువపత్రం, జనన పత్రం నకళ్లకు సచివాలయం గానీ మీసేవ గానీ చాలు, ఏజెంటు అవసరం లేదు. ఆరోగ్య పత్రాలకు ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి.

కాగితాలు అందాక టేబుల్ మీద పరిచి, ఒక్కోదానిలో ఉన్న పేరును వేలు పెట్టి అక్షరం అక్షరం పోల్చండి. మా వాడి పేరు జనన పత్రంలో ఒక వరసలో, ఆధార్‌లో తిరగేసి ఉంది. నా ఇంటిపేరు ఒకచోట పుట్టింటిది, ఒకచోట మొదటి అత్తగారిది, మూడోచోట అసలు లేదు. ఇవి చూసుకోకుండా ఇచ్చినందుకు మా ఫైలు రెండుసార్లు వెనక్కి వచ్చింది, కోడుమూరు నుంచి కర్నూలుకు ఆరుసార్లు బస్సెక్కాను. ఆధార్‌లో సరిదిద్దగలిగినవి ముందే సరిదిద్దించి, మిగిలినవాటికి ‘ఈ పేర్లన్నీ నావే’ అని నోటరీ దగ్గర ఒకే అఫిడవిట్ రాయించుకోండి. పేరుకొక అఫిడవిట్ రాయిస్తే నోటరీకి లాభం తప్ప మనకు లేదు.

ఉచిత లాయరు మీ హక్కు

ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. 1987 నాటి చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, దివ్యాంగులు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. కాబట్టి దరఖాస్తు తల్లి పేరునో బిడ్డ పేరునో పెట్టండి. భర్త పేరున పెడితే ఆదాయ పరిమితి అడుగుతారు. తెల్లకాగితం మీద విషయం రాసి, ఆధార్ నకలు జత చేస్తే చాలు. ప్యానెల్ లాయరును కేటాయిస్తారు, ఆ లాయరుకు ఫీజు మీరు ఇవ్వనక్కర్లేదు. ముందు ఫోన్‌లో అడగాలనుకుంటే 15100కు చేయండి, కాల్ ఉచితం. ‘ఫ్రీ లాయరు పని చేయడు’ అని నన్ను చాలామంది భయపెట్టారు. మా తప్పును పట్టుకుంది ఆ ఫ్రీ ఆఫీసే.

నమోదు నుంచి ఉత్తర్వు దాకా

ఇక్కడి నుంచి చెప్పేది రెండో దారి, అంటే కలెక్టరు ఉత్తర్వు సంగతి. దత్తత వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ పేరు కారా. దాని పోర్టల్ కేరింగ్స్. కన్న తల్లి, మారుతండ్రి కలిసి అందులో నమోదు చేసుకోవాలి. మారు తల్లిదండ్రుల దత్తతకు విడిగా చోటు ఉంటుంది. పొరపాటున మామూలు దత్తతలో నమోదైతే బయటి పిల్లల కోసం ఎదురుచూసే వరసలో పడతారు. నెట్ సెంటర్‌లో చేయిస్తే మొబైల్ నంబరు, ఈమెయిల్ మీవే ఇవ్వండి, పాస్‌వర్డ్ రాసి తెచ్చుకోండి. ఇంకో మాట: దత్తతకు 50 వేలు కట్టాలని ఎవరైనా అంటే, అది శిశు సంరక్షణ సంస్థల నుంచి బిడ్డను తెచ్చుకునేవారి లెక్క. మీ బిడ్డ మీ ఇంట్లోనే ఉన్నాడు, ఆ డబ్బు మీది కాదు.

తర్వాత జిల్లా బాలల సంరక్షణ విభాగానికి, అంటే డీసీపీయూకి, వెళ్లాలి. ఎక్కడుందో తెలియకపోతే అంగన్‌వాడీలను చూసే ఐసీడీఎస్ పీడీ (ప్రాజెక్టు డైరెక్టరు) ఆఫీసులో అడిగితే చెబుతారు. మీ జిల్లా ఏదో సరిచూసుకోండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి కాబట్టి నంద్యాల, ఆళ్లగడ్డ వాళ్లు ఇప్పుడు కర్నూలుకు రానక్కర్లేదు. ధర్మవరం, హిందూపురం, కదిరి వాళ్ల కలెక్టరేటు పుట్టపర్తిలో ఉంది, అనంతపురంలో కాదు. నమోదు చేయించడంలో కూడా డీసీపీయూ వాళ్లే సాయం చేస్తారు. సమ్మతి పత్రాలకు నిర్ణీత నమూనా ఉంది, అది అక్కడే అడిగి తీసుకోండి. సొంత మాటల్లో రాయించుకుంటే మళ్లీ రాయాల్సి వస్తుంది. బిడ్డకు ఐదేళ్లు నిండితే బిడ్డ సమ్మతి కూడా కావాలి. కాగితాలు పరిశీలించాక డీసీపీయూ ద్వారానే అర్జీ కలెక్టరుకు వెళ్తుంది. అర్జీ వేసిన రెండు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. అంతకు మించి కదలకపోతే సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ నంబరు వేసి ఒక వినతిపత్రం ఇవ్వండి.

మారుతండ్రి కువైట్‌లోనో సౌదీలోనో స్థిరపడి ఉంటే విధానం వేరు. అప్పుడు విదేశీ దత్తత నియమాలు, కారా ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) వస్తాయి. కడప జిల్లాలో ఇలాంటి కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆయన పవర్ ఆఫ్ అటార్నీ పంపితే సరిపోతుందని ఎవరన్నా నమ్మకండి, డీసీపీయూను అడిగాకే అడుగు వేయండి.

విచారణ బహిరంగంగా జరగదు. బయటివాళ్లెవరూ ఉండరు. బిడ్డకు ముందే ఏదో ఒకటి బట్టీ పట్టించకండి. మా వాడిని దగ్గరికి పిలిచి మా ఆయన్ని చూపించి ‘ఈయన ఎవరు నాన్నా?’ అని అడిగారు. వాడు ‘మా నాయన’ అన్నాడు. ఒక్క క్షణం ఆగి, ‘ఇంకో నాయన ఇంట్లో ఫోటోలో ఉన్నాడు’ అన్నాడు. నాకు గుండె జారిపోయింది, చెడగొట్టాడేమో అని. అడిగినవారు నవ్వి వాడి తల నిమిరారు. బిడ్డకు నిజం తెలిసి ఉండటమే వాళ్లకు కావాలని తర్వాత అర్థమైంది.

మా ఆయన కొడుకును నేను కూడా దత్తత తీసుకుందామని అనుకున్నాం. వాడికి అప్పుడు 16 ఏళ్లు. ‘పిన్నీ, నాకు మా అమ్మ పేరే ఉండనీ’ అన్నాడు. ఆ అర్జీ వేయలేదు. ఆ వయసు బిడ్డ వద్దంటే వదిలేయాలి.

ఉత్తర్వు చేతికొచ్చాక

ధ్రువీకరించిన నకళ్లు నాలుగు తీసుకోండి. మొదట జనన ధ్రువపత్రం మార్పించాలి. బిడ్డ పుట్టినప్పుడు ఎక్కడ నమోదైందో ఆ రిజిస్ట్రారు దగ్గరికే వెళ్లాలి. పుట్టింటి ఊళ్లో కాన్పు అయితే అక్కడికే. కొత్త జనన పత్రం వచ్చాక ఆధార్, ఆ తర్వాత బడి రికార్డు, బియ్యం కార్డు, బ్యాంకు. ఈ వరస తప్పితే ప్రతిచోటా ‘ముందు అది తెండి’ అంటారు. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) పంపేలోపు బడి రికార్డు సరిగా ఉండాలి. మెమో మీద పేరు పడ్డాక మార్చడం పెద్ద తలనొప్పి. కులం సర్టిఫికెట్‌ను దీనితో కలపకండి, అది తహసీల్దారు విడిగా విచారణ చేసి ఇచ్చేది.

సమ్మతి దొరకనివాళ్లకు

కన్న తండ్రి సంతకం పెట్టనంటే ఏళ్ల తరబడి డబ్బు పోసి తిరగకండి. ఈలోపు బిడ్డకు రక్షణ ఇచ్చే పనులు దాదాపు ఖర్చు లేకుండా ఉన్నాయి. మారుతండ్రి తన స్వార్జితాన్ని బిడ్డకు వీలునామా రాయవచ్చు. తెల్లకాగితం చాలు, ఇద్దరు సాక్షుల సంతకం కావాలి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ చేయించుకుంటే తర్వాత గొడవ తక్కువ. ఎల్‌ఐసీ, బ్యాంకు ఖాతాల్లో బిడ్డ పేరు నామినీగా పెట్టవచ్చు. పాస్‌పోర్టుకు 2016 డిసెంబరులో మారిన నిబంధనల వల్ల తల్లి పేరు ఒక్కటే ఇచ్చినా సరిపోతుంది. వీలునామా మాత్రం రేపటికి వాయిదా వేయకండి.

పాత జనన ధ్రువపత్రం, కన్న తండ్రి మరణ పత్రం, దత్తత ఉత్తర్వు మూడూ ఒకే ఫైలులో ఉంచండి, పాతవి చింపేయకండి. పొలం కాగితాలకు అవి కావాలి. మా ఇంట్లో ఆ ఫైలు బీరువా పై అరలో ఉంది. వాళ్ల నాయన పాస్‌పోర్టు సైజు ఫోటో కూడా అందులోనే పెట్టాను. వాడు అప్పుడప్పుడు తీసి చూసి మళ్లీ అక్కడే పెడతాడు.